జెండా దించేది ఎవరు? ప్రధానోపాధ్యాయులకు ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, నా తోటి వ్యాయామ ఉపాధ్యాయులకు నమస్కారం.

నేను 31 ఏళ్లు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లలకి నేను డ్రిల్లు మాస్టారిని. ఏ బడికి బదిలీ అయినా ఆగస్టు 15, జనవరి 26 వచ్చాయంటే జెండా పని నాదే. దిమ్మెకి సున్నం వేయించడం, తాడు మార్చడం, కప్పీకి నూనె పెట్టడం, జెండా మడిచి పూలు పెట్టి ముడి వేయడం, పిల్లల్ని వరసల్లో నిలబెట్టడం అన్నీ చూసుకునేవాణ్ణి. ఆ అనుభవంతోనే మీకొక విషయం చెప్పాలని, ఒకటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో జెండా ముడి నాకు సరిగా వచ్చేది కాదు. జారుముడి వేయాల్సిన చోట బిగుసుకుపోయే ముడి వేశాను. ముఖ్య అతిథి తాడు లాగారు, జెండా విప్పుకోలేదు. మళ్లీ లాగారు. మూడోసారి గట్టిగా లాగేసరికి తాడు కప్పీలోంచి తప్పుకుంది. నాలుగు వందల మంది పిల్లలు నుదుటి దగ్గర చేతులు పెట్టుకుని సెల్యూట్‌లో అలాగే నిలబడిపోయారు. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి పండగ ముందు సాయంత్రం పదిసార్లు లాగి చూసుకోకుండా నేను ఇంటికి వెళ్లలేదు. ఎగరేయడం విషయంలో నా వల్ల మళ్లీ పొరపాటు జరగలేదు.

కానీ దాదాపు పన్నెండేళ్లు ఇంకో పొరపాటు చేస్తూనే వచ్చాను. అది తప్పని కూడా నాకు తెలియలేదు.

ఒక ఆగస్టు 15న, ఇంటికి వచ్చేశాక, ఏదో మర్చిపోయి సాయంత్రం మళ్లీ బడికి వెళ్లాను. గ్రౌండంతా ఖాళీగా ఉంది. పొద్దున పంచిన చాక్లెట్ల కాగితాలు, వాన నీళ్లలో తడిసిన రంగు కాగితాల తోరణాలు తప్ప ఏమీ లేవు. జెండా కర్ర దగ్గర మా అటెండరు ఒక్కడే ఉన్నాడు. మేమంతా బాబాయ్ అని పిలిచేవాళ్లం. చెప్పులు దూరంగా విడిచి, ఒక చేత్తో తాడు వదులుతూ, రెండో చేత్తో జెండాని అందుకుంటున్నాడు. జెండా నేలకి తగలకుండా మొత్తం తన భుజం మీదికి తీసుకున్నాడు. తర్వాత మడవడానికి ప్రయత్నించాడు. ఎలా మడవాలో ఆయనకి తెలియదు. నాకూ అప్పుడు తెలియదు. చివరికి తన కొత్త తువ్వాలు పరిచి, అందులో జెండాని చుట్టి, గుండెకి ఆనించుకుని ఆఫీసు గదిలోకి తీసుకెళ్లాడు.

నేను వెళ్లి, ‘ఎప్పటి నుంచి చేస్తున్నావు బాబాయ్ ఇది?’ అని అడిగాను. ‘నేను చేరినప్పటి నుంచీ బాబూ. పొద్దున మీరందరూ ఉంటారు. సాయంత్రం ఎవరుంటారు?’ అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట చెప్పాడు.

ఇన్నేళ్లుగా పొద్దున్నే అంత జాగ్రత్తగా ముడి వేసిన నేను, సాయంత్రం ఆ జెండా ఎలా కిందికి వస్తుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నా దగ్గర చదువుకున్న వందల మంది పిల్లల్లో ఒక్కరు కూడా జెండా దించడం చూడలేదు. ఎగరేయడం అంటే పండగ. దించడం అంటే అటెండరు పని. మాటల్లో చెప్పకపోయినా నేను పిల్లలకి నేర్పింది అదే.

ఆ తర్వాత భారత జాతీయ పతాక నియమావళి తెప్పించుకుని చదివాను. ఇది 2002 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఎగరేయడం గురించీ దించడం గురించీ అందులో ఒకే వాక్యంలో చెప్పారు. జెండాని ఎప్పుడూ చురుగ్గా పైకి ఎత్తాలి, నెమ్మదిగా, మర్యాదతో కిందికి దించాలి. బ్యూగిల్ ఉంటే ఎత్తేటప్పుడూ దించేటప్పుడూ దాని నాదంతో పాటే కదలాలి. రాసినవాళ్లు రెండు పనులకీ సమానమైన చోటిచ్చారు. మనం సగమే పాటిస్తున్నాం.

అదే నియమావళిలో బడుల కోసం ఒక నమూనా కూడా ఉంది. చాలామంది హెడ్‌మాస్టర్లు దాన్ని చూసి ఉండరు. పిల్లలు మూడు వైపులా నిలబడి, నాలుగో వైపు మధ్యలో జెండా కర్ర ఉండేలా చతురస్రంగా ఏర్పడాలి. ప్రధానోపాధ్యాయుడు, విద్యార్థి నాయకుడు, వేరే ఎవరైనా జెండా ఎగరేస్తుంటే వారు, జెండా కర్రకి మూడు అంగలు వెనక నిలబడాలి. వేదిక, షామియానా, శాలువాలు, గంటసేపు ఉపన్యాసాలు అందులో లేవు. జెండా, పిల్లలు, వందనం, జాతీయ గీతం, ప్రతిజ్ఞ, అంతే. ముఖ్య అతిథి వచ్చేదాకా పిల్లల్ని గంటన్నర ఎండలో నిలబెట్టి, వాళ్లు కళ్లు తిరిగి పడిపోతే నీళ్లు చల్లే అలవాటు మనం తెచ్చుకున్నది. దాన్ని మార్చుకునే అధికారం మీ చేతుల్లోనే ఉంది.

ఇక ఆగస్టు 16వ తేదీ సంగతి. ఆ రోజు పొద్దున్నే మీరు బడికి వెళ్లే దారిలో కిందికి చూడండి. మురుగు కాలవ పక్కన, బస్టాపులో, టీ కొట్టు ముందు, బడి గోడ వెంట చిన్న చిన్న జెండాలు పడి ఉంటాయి. సైకిలు హ్యాండిల్‌కి కట్టినది జారిపోయి చక్రంలో నలిగి ఉంటుంది. ఆటో అద్దానికి అతికించినది సగం ఊడి వేలాడుతుంటుంది. పారిశుద్ధ్య కార్మికులు చెత్తతో పాటే వాటినీ చీపురుతో ఊడ్చాల్సి వస్తుంది. మా వీధి ఊడ్చే ఆవిడ ఒకసారి వాటిని ఏరి తన చీర కొంగులో వేసుకోవడం చూశాను. చెత్త బండిలో వేయడానికి ఆమెకి మనసొప్పలేదు. ఎక్కడ పెట్టాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. నాకు ఇచ్చింది. తెచ్చుకుని ఇంట్లో పెట్టాను.

ఆ జెండాలు పారేసినవాళ్లెవరికీ దేశం మీద ప్రేమ లేదని నేను అనను. పొద్దున వాటిని కొనుక్కున్నప్పుడు వాళ్ల ముఖాలు చూశాను. అయిదేళ్ల పిల్లవాడు తండ్రి స్కూటరు ముందు నిలబడి జెండా ఊపుతూ వెళ్లడం కన్నా ముచ్చటైన దృశ్యం నాకు తెలియదు. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం ప్రకారం జెండాని బహిరంగంగా అవమానిస్తే మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ ఉంటాయి. కానీ వీధిలో పడిన జెండా వెనక అవమానించాలన్న ఉద్దేశం లేదు. తర్వాత ఏం చేయాలో తెలియకపోవడమే ఉంది. తెలియనిది నేర్పాల్సింది బడి. అందుకే ఈ ఉత్తరం పోలీసులకో కలెక్టర్లకో రాయకుండా మీకు రాస్తున్నాను.

నియమావళిలో దీనికీ జవాబు ఉంది. జాతీయ, సాంస్కృతిక, క్రీడా సందర్భాల్లో కాగితపు జెండాలు ఊపవచ్చు. అయిపోయాక వాటిని నేల మీద పారేయకూడదు. మర్యాదగా, నలుగురి కళ్లలో పడకుండా తీసివేయాలి. గుడ్డ జెండా చిరిగితే, వెలిసిపోతే దాన్ని మళ్లీ ఎగరేయకూడదు. ముక్కలు చేయకుండా, మొత్తంగా, ఏకాంతంగా, వీలైతే కాల్చడం ద్వారా, లేదా గౌరవానికి తగిన మరో పద్ధతిలో దాన్ని ముగించాలి. ఇంట్లో పెద్దవాళ్ల మాసిన పట్టుబట్టలు కూడా మనం మసిగుడ్డగా వాడం. జెండాకి అంతకన్నా ఎక్కువ మర్యాద దక్కాలి.

ప్లాస్టిక్ జెండాలతోనే అసలు చిక్కు. అవి మట్టిలో కలవవు, కాలిస్తే విషపు పొగ వస్తుంది. వాటిని గౌరవంగా ముగించే మార్గమే లేదు. వాడొద్దని కేంద్ర హోం శాఖ పలుమార్లు రాష్ట్రాలకి రాసింది. అయినా ప్రతి ఆగస్టులో దుకాణాల ముందు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. మీ బడి గేటు దాటి ఒక్క ప్లాస్టిక్ జెండా కూడా లోపలికి రాకూడదని మీరు ముందు వారమే తల్లిదండ్రులకి ఒక చీటీ పంపితే చాలు. మీ బడిలో అయిదు వందల మంది పిల్లలుంటే అయిదు వందల ఇళ్లకి ఆ మాట చేరుతుంది.

ఒక గుడ్డముక్క కోసం ఇంత ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. ఒకసారి పదో తరగతి పిల్లవాడే నన్ను అడిగాడు. కోప్పడలేదు. మంచి ప్రశ్నే. అతనికి పరకాల సంగతి చెప్పాను.

1947 ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరింది. హైదరాబాద్ సంస్థానంలో ఎగరలేదు. ఎగరేస్తే నేరం. ఆ సెప్టెంబరు 2న చుట్టుపక్కల ఊళ్ల జనం జెండాలు పట్టుకుని పరకాలకి వచ్చారు. వాళ్ల మీద కాల్పులు జరిపారు. ఎంతోమంది అక్కడికక్కడే ప్రాణాలు వదిలారు. పరకాలలో ఇప్పుడున్న అమరధామం వాళ్ల జ్ఞాపకమే. ఆ రోజు అక్కడికి వచ్చినవాళ్లు పొలాల్లో పనిచేసుకునే మామూలు మనుషులు. కాల్పులు జరగవచ్చని తెలియనంత అమాయకులు కాదు. అంతకుముందు 1930లో మచిలీపట్నం కోనేరు సెంటర్‌లో జెండా ఎగరేయబోయిన తోట నరసయ్య నాయుడిని పోలీసులు స్పృహ తప్పేదాకా లాఠీలతో కొట్టారు. 1942లో బెంగాల్‌లోని తామ్లుక్‌లో మాతంగిని హజ్రా అనే డెబ్బై ఏళ్లు దాటిన ముసలావిడ జెండా పట్టుకుని నడుస్తూ తుపాకీ గుళ్లకి పడిపోయింది.

ఆ పిల్లవాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, ‘మాస్టారూ, ఆవిడ పడిపోయాక జెండా ఏమైంది?’ అని అడిగాడు. పడిపోయేదాకా ఆమె చేతిలోనే ఉందని చెప్పాను. మర్నాడు ఆ పిల్లవాడు బడి వెనక పడి ఉన్న రెండు కాగితపు జెండాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను తెమ్మని చెప్పలేదు.

ఈ కథలు మన పిల్లలకి చెప్పడం మానేశాం. జెండా రోజు ఉపన్యాసాల్లో పెద్ద పెద్ద పేర్లు వస్తాయి గానీ, మన నేల మీద జరిగినవి రావు. ఈ జెండాకి తొలి రూపం ఇచ్చిన పింగళి వెంకయ్య కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో పుట్టారు. 1921లో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు గాంధీజీకి తన నమూనా ఇచ్చారు. అంతకు అయిదేళ్ల ముందే, 1916లోనే, ఆయన జాతీయ జెండా ఎలా ఉండాలన్న దాని మీద పుస్తకం వేశారు. పత్తి పంట మీద పరిశోధన చేసినందుకు పత్తి వెంకయ్య అన్నారు, జపనీస్ భాష నేర్చినందుకు జపాన్ వెంకయ్య అన్నారు, జెండా వెంకయ్య అనీ అన్నారు. ఇన్ని పేర్లున్న మనిషి 1963లో పేదరికంలోనే కన్నుమూశారు.

పిల్లలు రోజూ అసెంబ్లీలో చెప్పే ‘భారతదేశం నా మాతృభూమి’ ప్రతిజ్ఞ రాసింది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు. 1962లో, చైనా యుద్ధం నాటికి ఆయన విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. తెలుగులో రాసిన ఆ మాటలు తర్వాత దేశమంతటా బడుల్లోకి వెళ్లాయి. చాలా ఏళ్లు పాఠ్యపుస్తకాల్లో ఆ ప్రతిజ్ఞ ఉండేది గానీ రాసిన మనిషి పేరు ఉండేది కాదు. జనగణమనకి రవీంద్రనాథ్ ఠాగూర్ ఇంగ్లిష్ అనువాదం చేసింది 1919లో మదనపల్లెలో. అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ దాని స్వరాల్ని కాగితం మీద రాసిపెట్టారు. ఈ మూడింటినీ కలిపి ఒక్క పావుగంటలో పిల్లలకి చెప్పవచ్చు. ఏ ముఖ్య అతిథి ప్రసంగం కన్నా అది వాళ్లకి ఎక్కువ రోజులు గుర్తుంటుంది. నా అనుభవంతో చెబుతున్నాను.

1947 జులై 22న రాజ్యాంగ సభ ఈ జెండాని ఆమోదించినప్పుడు సర్వేపల్లి రాధాకృష్ణన్ రంగుల అర్థం వివరించారు. కాషాయం త్యాగానికి, తెలుపు సత్యమార్గంలో వెలుగుకి, ఆకుపచ్చ ఈ మట్టితో, ఇక్కడి చెట్టూచేమతో మనకున్న సంబంధానికి, మధ్యలోని చక్రం ధర్మానికి గుర్తులని చెప్పారు. ఆకుపచ్చ మట్టితో సంబంధమైతే, ఆ రంగు వేసిన ప్లాస్టిక్ ముక్క మట్టిలో కలవకుండా యాభై ఏళ్లు పడి ఉండటం ఎంత బాధాకరమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నేను అడిగేది చెబుతాను.

ఆగస్టు 15 సాయంత్రం, సూర్యుడు దిగే ముందు, మీ బడిలో జెండా దించే కార్యక్రమం పెట్టండి. బడి మొత్తం రానక్కర్లేదు. దగ్గర్లో ఉండే ఒక తరగతి పిల్లలు పాతిక మంది చాలు. హెడ్‌మాస్టరు ఉండాలి. పొద్దున జెండా ఎగరేసింది మీరైతే సాయంత్రం కూడా మీరే ఉండాలి. అటెండరుని పక్కన నిలబెట్టుకోండి. ఆయన మనందరికన్నా ఎక్కువసార్లు ఈ పని చేసిన మనిషి. మైకులు, అతిథులు ఏమీ వద్దు. తాడు నెమ్మదిగా వదలండి. పిల్లలు ఇద్దరు కింద చేతులు చాచి జెండాని అందుకోవాలి. నేలకి తగలకూడదు. ఇదంతా పది నిమిషాల పని.

తర్వాత మడత పెట్టడం. బాబాయ్‌కీ నాకూ ఆ రోజు తెలియనిది ఇదే. జెండాని ఇద్దరు అడ్డంగా చాచి పట్టుకోవాలి. కాషాయం పట్టీని, ఆకుపచ్చ పట్టీని తెలుపు పట్టీ కిందికి మడవాలి. అయితే వాటి అంచులు కొంచెం పైకి కనబడుతూ ఉండాలి. ఆ తర్వాత రెండు చివరల్నీ మధ్యలోని చక్రం వైపు మడుచుకుంటూ రావాలి. చివరికి పైన అశోక చక్రం, దానికి అటూ ఇటూ కాషాయం, ఆకుపచ్చ కొంచెం కొంచెం కనబడతాయి. దాన్ని రెండు అరచేతుల మీద పెట్టుకుని లోపలికి తీసుకెళ్లాలి. చంకలో పెట్టుకోకూడదు, సంచిలో కుక్కకూడదు. నేను నేర్చుకున్నాక ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకి నేర్పాను. మొదటిసారి చక్రం వంకరగా వస్తుంది, నాలుగోసారికి చక్కగా వస్తుంది. అరచేతుల మీద జెండా పెట్టగానే, అంతవరకూ తోసుకుంటూ నవ్వుకుంటూ ఉన్న పిల్లలు కూడా వాళ్లంతట వాళ్లే నిటారుగా నడిచేవాళ్లు. నేను ఎప్పుడూ అటెన్షన్ అని అరవాల్సిన అవసరం రాలేదు.

తడిసిన జెండాని అలాగే మడిచి బీరువాలో పెట్టకండి. ఆగస్టు మనకి వానాకాలం. నీడలో ఆరబెట్టి మడవండి. లేకపోతే జనవరి నాటికి తెలుపు మీద బూజు మచ్చలు వస్తాయి. అప్పుడు కొత్త జెండా కోసం 25వ తేదీ రాత్రి పరుగులు పెట్టాల్సి వస్తుంది. నేను పెట్టాను కాబట్టి తెలుసు.

మర్నాడు 16న ఒక పీరియడు నాకోసం కేటాయించండి. పిల్లల్ని తీసుకుని బడి చుట్టూ ఉన్న నాలుగు వీధులు తిరగండి. పడి ఉన్న జెండాలు ఏరండి. రోడ్డు మీద వాహనాలు ఉంటాయి కాబట్టి చిన్న తరగతుల్ని తీసుకెళ్లొద్దు, పక్కన టీచర్లు ఉండాలి. బడిలో ఒక అట్టపెట్టె పెట్టి, ఇళ్లలో మిగిలిన జెండాలు కూడా అందులో వేయమని చెప్పండి. బాగున్న గుడ్డ జెండాలు ఉతికి దాచవచ్చు. చిరిగినవి, కాగితపువి పెద్దవాళ్లు విడిగా ముగించాలి. అది పిల్లలు చూడాల్సిన కార్యక్రమం కాదు, ఫొటోలు తీసేది అసలే కాదు. ప్లాస్టిక్‌వి దొరికితే కడిగి, శుభ్రమైన కాగితంలో చుట్టి, మామూలు చెత్తలో కలపకుండా మున్సిపాలిటీ వాళ్లకో పంచాయతీ వాళ్లకో విడిగా అప్పగించండి. రెండేళ్లు ఇలా చేస్తే, మీ వీధుల్లో ఏరడానికి జెండాలు బాగా తగ్గుతాయి. మా బడి దగ్గర తగ్గాయి. ఏరిన పిల్లవాడు మళ్లీ పారేయడు. వాళ్ల నాన్నని కూడా పారేయనివ్వడు.

2022 జులైలో నియమం మారిందని, ఆరుబయట, ఇళ్ల మీద జెండా రాత్రింబవళ్లు ఎగరవచ్చని మీలో కొందరు గుర్తుచేస్తారు. నిజమే. అంతకుముందు 2021 డిసెంబరు 30న చేసిన సవరణతో మిషన్ మీద చేసిన జెండాలకి, పాలిస్టరు బట్టకి కూడా అనుమతి వచ్చింది. దీనివల్ల ఎక్కువ ఇళ్లకి జెండా చేరింది, అది నాకు సంతోషమే. 2002లో ఈ నియమావళి వచ్చేదాకా, మామూలు మనిషి ఏడాది పొడుగునా తన ఇంటి మీద జెండా ఎగరేసుకునే వీలే ఉండేది కాదు. పౌరుడికి జెండా ఎగరేసే హక్కు ఉందని 2004లో సుప్రీంకోర్టు కూడా తీర్పు ఇచ్చింది. కానీ రాత్రి కూడా ఉండవచ్చు అన్నదాన్ని మనం ఇక దించక్కర్లేదు అని అర్థం చేసుకున్నాం. ఆగస్టులో డాబా మీద కట్టిన జెండా అక్టోబరుకి పీలికలై వేలాడటం ఎన్ని ఇళ్ల మీద చూడటం లేదు? చిరిగిన జెండా ఎగరకూడదన్న నియమం మారలేదు. బడిలో దించడం చూసిన పిల్లవాడు, ఇంటికెళ్లి డాబా మీది జెండా సంగతి అడుగుతాడు.

ఒక విషయంలో మాత్రం మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను. ఇదంతా బెత్తంతో చేయించకండి. చేయి సరిగా ఎత్తలేదనో, పాటలో గొంతు కలపలేదనో పిల్లల్ని అందరిముందూ నిలబెట్టి తిట్టడం నేను చూశాను. మొదటి రోజుల్లో నేనూ చేశాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడలేదని బడి నుంచి పంపించేస్తే, 1986లో సుప్రీంకోర్టు వాళ్లని తిరిగి చేర్చుకోమంది. వాళ్లు గీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడ్డారు, అగౌరవం ఏమీ చేయలేదు అని చెప్పింది. ఆ తీర్పు చదివాక నా గొంతు తగ్గింది. భయపడి చేసిన సెల్యూట్ గేటు దాటగానే మర్చిపోతారు. తన చేతులతో మడిచిన జెండాని మర్చిపోరు.

కాలు నొప్పితో నేను ఎక్కువ దూరం తిరగలేకపోతున్నాను. అయినా మా మండలంలో ఏ బడి నుంచి కబురు వచ్చినా 14వ తేదీ సాయంత్రం వచ్చి, జారుముడి ఎలా వేయాలో, జెండా ఎలా మడవాలో మీ పిల్లలకి చూపిస్తాను. పాత జెండా ఒకటి, రెండు గజాల తాడు ఉంటే చాలు. మిగతా మండలాల్లో నాలాంటి రిటైరైన వ్యాయామ ఉపాధ్యాయులు, మాజీ సైనికులు, ఎన్‌సీసీలో పనిచేసినవాళ్లు ఉంటారు. వాళ్లని పిలవండి, కాదనరు.

బాబాయ్ రిటైరైన ఏడాది, ఆగస్టు 15 సాయంత్రం ఆయన్ని బడికి పిలిపించాను. ఎనిమిదో తరగతి పిల్లలు జెండా దించి, మడిచి, తీసుకొచ్చి ఆయన అరచేతుల్లో పెట్టారు. ఆయన ఆఫీసు గది దాకా నడిచి, బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి హెడ్‌మాస్టరు చేతికిచ్చారు. ఆ రోజు కూడా చెప్పులు బయటే విడిచి వచ్చారు.

ఇట్లు,
రిటైరైన ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు